అత్తయ్య గది, తలుపు ఒకటి

అత్తయ్యకు,

మీ కోడలు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. అందరం అంటే ఇద్దరమే, కానీ మీ అబ్బాయి ఒక్కడే నలుగురు చేసే చిందరవందర చేస్తాడు కాబట్టి అందరం అనే రాస్తున్నాను. అక్కడ మీరు, వదిన, అన్నయ్య గారు, పిల్లలు కులాసా అని మీ ఉత్తరం వల్ల తెలిసింది. వదిన కాలికట్టు విప్పేశారని చదివి ప్రాణం కుదుటపడింది. మెట్లు దిగుతూ ఫోను చూడొద్దని ఆమెకు రోజుకు పదిసార్లు చెబుతున్నానని రాశారు. పాపం వదిన, కాలికి కట్టు విప్పించుకుని చెవులకు కట్టించుకోవాలేమో.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. బాగుచేసే మనిషి వచ్చాడు, వంగి చూశాడు, "మంచి కంపెనీదండీ" అని మెచ్చుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. మీ అబ్బాయి తడి తువ్వాలు మంచం మీద వేయడం మానాడా అని అడిగారు. మానాడు. ఇప్పుడు కుర్చీ మీద వేస్తున్నాడు. పొడుగు సొరుగు తాళంచెవి మీరు దాచిన చోటే ఉంది, కానీ మీరు ఎక్కడ దాచారో మాకు తెలియదు. రేడియోలో బ్యాటరీలు తీసేశారా, లేకపోతే కారి పాడైపోతుంది అన్నారు. మీరు వెళ్ళిన రోజే తీశాను. చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళారా అని నేను రెండు ఉత్తరాల్లో అడిగాను, మీరు రెండింటిలోనూ వాతావరణం గురించి రాశారు. మళ్ళీ అడుగుతున్నాను.

ఇక మీ ఆఖరి ప్రశ్న. "నేను లేకపోతే ఇంట్లో చప్పుడు లేక హాయిగా ఉందా? ఉంటే చెప్పు, మొహమాటం వద్దు, ఇక్కడే ఉండిపోతాను" అని రాశారు. దానికి జవాబు ఉత్తరం చివర ఉంది. దయచేసి ఆఖరి కాగితం ముందు తీసి చదవకండి. మీకు ఆ అలవాటు ఉంది. అందుకే ఈసారి పేజీలకు నంబర్లు వేయలేదు.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటారు. ఫోనులో మీరు "ఆఁ? ఆఁ?" అంటారు, నేను అరుస్తాను, ఇక్కడ పక్కింటివాళ్ళు, అక్కడ వదిన, మధ్యలో మీ అబ్బాయి అందరూ వింటారు. నేను చెప్పాల్సింది అరిచి చెప్పే విషయం కాదు. పైగా మీ పాత గోడౌనులో మీ కింద పనిచేసిన మీసాల తమ్ముడు ఇప్పుడు మా కంపెనీలోనే స్టోర్ కీపరు. "అక్కకి ఈ ఆదివారం ఫోన్ చేస్తానమ్మా" అని నాతో మూడుసార్లు అన్నాడు. ఆయన నోట మీరు వినేలోపు నా చేతిరాతలో మీరు చదవాలి. అందుకని ఈ ఉత్తరం.

మా కంపెనీ ఒక బడికి కొత్త భవనం కడుతోందని మీకు తెలుసు. రెండంతస్తులు, పద్దెనిమిది తరగతి గదులు, ఒక లైబ్రరీ, ఒక సంగీతం గది. పాత భవనం పక్కనే ఉంది, పిల్లలు విరామం వేళ కంచె దగ్గర నిలబడి మా పనివాళ్ళకు సలహాలు ఇస్తుంటారు. ఆ భవనం నమూనా మొత్తం కంప్యూటర్లో తయారుచేసింది నేనే. మీరు వెళ్ళిన వారానికి మా పెద్దసారు నన్ను పిలిచి, "ఈసారి చేత్తో లెక్కలొద్దు. నమూనా లోంచే మెటీరియల్ లిస్టు మొత్తం తీసెయ్. ఇటుక నుంచి గడియ దాకా ఒక్కటి మిస్సవ్వకూడదు. ఇది కరెక్టుగా వస్తే ఇకమీదట అన్ని భవనాల లిస్టులూ నీవే" అన్నారు. ఎనిమిదేళ్ళుగా వాళ్ళూ వీళ్ళూ గీసినవి దిద్దుతున్న నాకు అది ఎంత మాటో మీకు తెలుసు.

ఈ సాఫ్ట్‌వేరు గురించి మనిద్దరికీ ఎంత వాదన జరిగిందో గుర్తుందా? నేనేమో గోడ గీస్తే అది గీత కాదు, గోడేనని దానికి తెలుసు, ఎత్తు, మందం, లోపల ఇటుక, పైన ప్లాస్టరు, ఆ పైన రంగు అన్నీ గుర్తుపెట్టుకుంటుంది, బటను నొక్కితే ఎన్ని ఇటుకలో చెప్పేస్తుంది అని గొప్పలు పోయాను. మీరు మీ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "అది లెక్కపెట్టేది ఇంటిని కాదే, నువ్వు గీసినదాన్ని" అన్నారు. ఇరవై ఆరేళ్ళు ఆ సామాన్ల గోడౌనులో గల్లాపక్కన నిలబడి, 'జాబితా అక్క' అని పేరు తెచ్చుకున్నవారితో వాదనేమిటని మీ అబ్బాయి అప్పుడే లేచి వెళ్ళిపోయాడు. నాకే బుద్ధి లేదు.

బటను నొక్కాను. జాబితా వచ్చింది. మొదటి పేజీలోనే చేతులు కడుక్కునే బేసిన్లు నూట ఇరవై ఏడు అని ఉంది. ఆ బడిలో పిల్లలు చదువుకుంటారా, చేతులే కడుక్కుంటారా అని నాకే అనుమానం వచ్చింది. వెతికితే, నా కింద పనిచేసే అమ్మాయి ఒక బేసిను గీసి, అది పడలేదనుకుని మళ్ళీ మళ్ళీ నొక్కిందట. ఒకే చోట ఒకదాని లోపల ఒకటి పన్నెండు బేసిన్లు. మనిషి కంటికి ఒక్కటే. కంప్యూటర్‌కు పన్నెండూ పన్నెండే. మరొక చోట గోడ మీద గోడ ఉంది. టైల్సు అతికించే గోడలకు కూడా రంగు లెక్క వేసింది. అన్నీ సరిచేశాను. అప్పుడు మీరు జ్ఞాపకం వచ్చి మీకు ఉత్తరం రాస్తే, మీరు నాలుగు పేజీలు రాశారు. ఆ ఉత్తరం నా డెస్కు మీద అద్దం కింద పెట్టుకున్నాను.

"తలుపు గీశావు సరే, మడతబందులు గీశావా? స్క్రూలు గీశావా? టైల్సు గీశావు, వాటి మధ్య పూసే పొడి గీశావా? కడ్డీలు గీశావు, వాటిని కట్టే తీగ గీశావా? గీయనివన్నీ చేత్తో రాయి. జాబితాలో లేనిదే పనికి అడ్డం పడుతుంది" అన్నారు. నిజంగానే, నలభై పేజీల జాబితాలో స్క్రూ ఒక్కటంటే ఒక్కటి లేదు. యాభై తలుపులు గాల్లో నిలబడాలన్నమాట. చేత్తో రాసినవి ఆరు పేజీలయ్యాయి. మా పెద్దసారు మందం చూసి, "సాఫ్ట్‌వేర్ ఇంత బాగా ఇస్తోందా!" అన్నారు. నేను కాదనలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను, ఆ ఆరు పేజీలూ మీవి.

సరిచూడడం ఎలాగో కూడా మీరే రాశారు. "గేటు దగ్గర నిలబడు. లోపలికి నడువు. చెయ్యి తగిలినదల్లా రాయి, కాలు తగిలినదల్లా రాయి. తల తగిలితే కొలత తప్పు. ఆ చివరిదాకా వెళ్ళాక జాబితా చేతిలో పట్టుకుని వెనక్కి నడువు. పోయేటప్పుడు ఇంట్లో ఉన్నది జాబితాలో ఉందా చూడు, వచ్చేటప్పుడు జాబితాలో ఉన్నది ఇంట్లో ఉందా చూడు." నేను కంప్యూటర్లో గేటు దగ్గర నిలబడి, గది గదీ తిరుగుతూ, గొంతెత్తి చదువుతూ, ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ పోయాను. పక్క టేబులు ఆయన చెవుల్లో దూది పెట్టుకున్నాడు. గదుల్లో ఉన్న ప్రతి వస్తువూ జాబితాలో ఉంది. ఒక్కటి కూడా తప్పిపోలేదు. అంత ఆనందం వచ్చింది నాకు. సాయంత్రం ఆరయింది, మీ అబ్బాయి కింద స్కూటరు హారన్ కొడుతున్నాడు. జాబితా పంపేశాను.

వెనక్కి నడవలేదు, అత్తయ్యా.

ఇప్పుడు అసలు సంగతి. మీరు కూర్చున్నారా? కూర్చోండి.

మనకు సొంతిల్లు లేదు, స్థలమూ లేదు. అయినా ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేను మన ఇల్లు గీస్తున్నాను. ఏడాది నుంచి. ఆఫీసులో, మధ్యాహ్నం తిన్నాక మిగిలే ఇరవై నిమిషాల్లో. మా కంప్యూటర్లలో కంపెనీ పని తప్ప వేరే ఫైలు దాచుకోనివ్వరు. అందుకని బడి ఫైల్లోనే, ఆటస్థలం దాటి చాలా దూరంగా ఒక మూల, మన ఇల్లు పెట్టుకున్నాను. ఎవరికీ కనిపించకుండా చేసే బటను ఒకటుంటుంది, అది నొక్కి ఉంచాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నాకు కనిపించకపోతే అసలు లేదనే అనుకున్నాను. కంటికి కనిపించకపోవడం వేరు, లెక్కకు రాకపోవడం వేరు అని తర్వాత తెలిసింది. బడితోపాటు మన ఇల్లు కూడా జాబితాలోకి ఎక్కింది. పునాది రాయి నుంచి పెరటి గడియ దాకా.

ఇటుకల్లో ఇటుకలు కలిసిపోయాయి, అవి ఎవరికీ తెలియలేదు. పోయిన వారం బడి దగ్గర ముందుగా ఒక స్నానాల తొట్టి దిగింది. మీ అబ్బాయి కోరిక అది, కాళ్ళు చాపుకుని అందులో పేపరు చదవాలట. దాని వెనకే ఇంకో లారీలో, ఆరుగురు మోస్తే గానీ కదలని తలుపు ఒకటి దిగింది. బడి పిల్లలంతా కంచె దగ్గరికి చేరారట. మీసాల తమ్ముడు దాని నుదుటి మీద రేకు చదివి, వెంటనే మా ఆఫీసుకు ఫోను చేశాడు.

మర్నాడు పెద్దసారు అందరినీ కూర్చోబెట్టి జాబితా తెరిచారు. నలభై ఆరు పేజీల మీదా సంతకం ఆయనదే, అయినా ఆయన చదవడం అదే మొదటిసారి.

"స్నానాల తొట్టి, ఒకటి" అని చదివి నావైపు చూశారు. "ఏ క్లాసు పిల్లలకమ్మా?"

నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

"వంటగట్టు రాయి, ఒకటి. మామూలుకంటే నాలుగు అంగుళాలు కిందకి. బడిలో వంటగది లేదు కదా. ఎవరు ఇంత పొట్టి?"

అందరూ నన్ను చూశారు. నేను నిలబడ్డాను. నిలబడ్డా పెద్ద తేడా ఏమీ రాలేదు.

"ఇది వినండి. అత్తయ్య గది, తలుపు ఒకటి. శబ్దం బయటికి రాని రకం." ఆయన కళ్ళజోడు తీశారు. "ఇది జనరేటర్ గదులకి వేసే తలుపు. ఈ అత్తయ్య ఎవరు?"

ద్వారం దగ్గర నిలబడ్డ మీసాల తమ్ముడు గొంతు సవరించుకుని, "సార్, అది మా అక్కది" అన్నాడు.

అదీ, అత్తయ్యా. చెప్పేశాను. నేను గీసుకున్న ఇంట్లో మీకు గది ఉంది, కానీ దానికి జనరేటరు గది తలుపు పెట్టాను. మీ రేడియో కోసం. ఉదయం ఐదింటికి రైతుల కార్యక్రమం మొదలైతే, మనకు పొలం గట్టు కూడా లేకపోయినా ఏ పంటకు ఏ తెగులో వీధి వీధంతా తెలుసుకోవాల్సిందే కదా. తలుపు రకం ఎంచుకునే చోట 'శబ్దం ఆపేది' అని కనిపించగానే నా వేలు దానంతట అదే నొక్కేసింది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడ మేతకన్నట్టు, చలి ఆపుతుందని, దొంగలు రారని నేను పది సాకులు చెప్పగలను. మీ దగ్గర చెల్లవు. మీరు ఉంటే చప్పుడు, మీరు ఉండాలి, చప్పుడు ఉండకూడదు. నా ఆలోచన అంతే. తప్పే.

మీటింగు అయ్యాక పెద్దసారు నన్ను ఒక్కదాన్నే ఉండమన్నారు. ఉద్యోగం ఊడింది అనుకున్నాను. ఆయన తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించి, "ఆ తలుపు నిజంగానే శబ్దం ఆపుతుందా?" అని అడిగారు.

"తెలీదు సార్, ఇంకా వేసి చూడలేదు."

"మా అత్తగారు కూడా మాతోనే ఉంటారు" అన్నారు. ఆ తలుపు చేసేవాళ్ళ చిరునామా ఒక కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకున్నారు. తర్వాత మళ్ళీ పెద్దసారై, చెడామడా తిట్టారు. ఆ తిట్లు నాకు దక్కాల్సినవే కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

కొలత ఇచ్చి చేయించింది కాబట్టి ఆ తలుపు వెనక్కి తీసుకోరు. సంగీతం గదికి వేయమన్నారు. పక్కనే లెక్కల క్లాసు ఉంది, డప్పు కొడితే ఎక్కాలు తప్పుతాయని సంగీతం టీచరు మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉందట. గోడ నాలుగు అంగుళాలు కోసి వేశారు. స్నానాల తొట్టిలో తాపీ మేస్త్రీలు ఇటుకలు నానబెడుతున్నారు, ఇంత మంచి తొట్టి జన్మలో చూడలేదని నన్ను దీవిస్తున్నారు. చిక్కల్లా తలుపు నుదుటి మీద రేకుతో వచ్చింది. ఏ గదిదో తెలియడానికి ఫ్యాక్టరీ వాళ్ళే పేరు చెక్కి, రివెట్లు కొట్టి పంపారు. ఊడదీస్తే తలుపు పాడవుతుంది. కాబట్టి ఆ బడిలో సంగీతం గది పేరు ఇప్పుడు అత్తయ్య గది. అత్తయ్య ఎవరని పిల్లలు కంచె దగ్గర అడిగితే, మీసాల తమ్ముడు "పెద్ద గొంతున్న మనిషి" అని చెప్పాడట. వాళ్ళు సరిపెట్టుకున్నారు. సంగీతం టీచరు కొత్త టైంటేబుల్లో కూడా అలాగే రాసుకుంది.

నవ్వుకున్నారా? నవ్వుకోండి. మిగతాది నవ్వేది కాదు.

తలుపు వేసిన రోజు నేను చూడ్డానికి వెళ్ళాను. లోపలికెళ్ళి తలుపు మూశాను. బయట కాంక్రీటు మిషను తిరుగుతోంది, కొడుతున్నారు, కోస్తున్నారు. ఒక్కసారిగా ఏమీ లేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఏడాదిగా నేను కోరుకున్నది అదే. గోడకు వీపు ఆనించి కాసేపు నిలబడి, తెరుచుకుని బయటకు వచ్చేసరికి మీసాల తమ్ముడు చెమటలు కక్కుతూ తలుపు ముందే ఉన్నాడు.

"ఎంతసేపట్నుంచి పిలుస్తున్నానమ్మా! బాదాను కూడా. లోపల పడిపోయావేమో అనుకున్నాను."

పోయిన వానాకాలం మీరు స్నానాల గదిలో జారిపడిన రోజు గుర్తొచ్చింది. అన్నిటికీ అరిచే మీరు, ఆ రోజు మాత్రం ఒక్కసారే పిలిచారు. అదీ మెల్లగా. "అమ్మాయీ" అన్నారు, అంతే. మన అద్దె ఇంటి తలుపులు అట్టముక్కల్లాంటివి కాబట్టి వంటింట్లో ఉన్న నాకు వినబడింది. నేను గీసిన ఆ మంచి తలుపు ఉండి ఉంటే వినబడేది కాదు. మీ రేడియో నాకు వినబడకూడదని పెట్టుకున్నాను, మీరు నాకు వినబడకుండా పోతారని తట్టలేదు. ఆ కొత్త గది మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మీసాల తమ్ముడు పాపం ఏం చేయాలో తెలియక ఒక టీ తెప్పించాడు.

మీరు రేడియో అంత పెద్దగా పెట్టేది మమ్మల్ని లేపడానికి కాదని, ఎడమ చెవికి అందక అని కూడా నాకు తెలుసు. మీరు ఒప్పుకోరు. నేను మాత్రం తెలిసీ తెలియనట్టు ఉన్నాను. తెలిసిందని ఒప్పుకుంటే చిరాకు పడే హక్కు పోతుంది కదా.

ఇక మీ ప్రశ్నకు జవాబు. మీరు లేకపోతే ఇంట్లో చప్పుడు లేదు, నిజమే. మొదటి వారం హాయిగానే ఉంది, అబద్ధం ఆడను. రెండో వారంలో నేను మూడు రోజులు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళాను. మీ అబ్బాయి ఒక రోజు ఏకంగా వెళ్ళనే లేదు, లేచేసరికి పన్నెండయింది. కింద వాటా మేడమ్ మెట్ల దగ్గర ఆపి, "మీ అత్తగారు ఎప్పుడొస్తారు? మా పిల్లలకి స్కూలు బస్సు తప్పిపోతోంది" అంది. అలారం పెట్టుకోవచ్చు కదా అనకండి. అలారాన్ని ఒక వేలితో ఆపెయ్యొచ్చు. మిమ్మల్ని ఎవరు ఆపగలరు?

ఇంకో మాట. పెద్దసారు నిన్న పిలిచి, "జాబితాలు నువ్వే తియ్యి, కానీ పంపేముందు ఇంకో మనిషి చదివి సంతకం పెట్టాలి. నాలా కాదు, నిజంగా చదివే మనిషి" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మీసాల తమ్ముడు, "సార్, ఆ తలుపు ఎవరి పేరు మీద వచ్చిందో ఆవిడే ఉన్నారు. మా గోడౌనులో మేకు తక్కువైనా నిద్రపోయేవారు కాదు" అన్నాడు. పదిహేను రోజులకు ఒక రోజు, మా ఆఫీసులో కూర్చుని జాబితా గట్టిగా చదవడమే పని. ఎంత గట్టిగానైనా చదవొచ్చు. నేను కంప్యూటర్లో ముందుకు నడుస్తాను, మీరు జాబితాతో వెనక్కి నడిపించండి. పక్క టేబులు ఆయన దూది కొనుక్కుంటున్నాడు.

మన ఇంటిని బడి ఫైల్లోంచి తీసేశాను. మీ గది ఒక్కటీ మళ్ళీ కొత్తగా కాగితం మీద గీశాను, వంటింటి పక్కకు మార్చాను. దాని జాబితా కింద రాస్తున్నాను. ఏం తక్కువైందో చూసి చెప్పండి. ఉత్తరంలో కాదు, వచ్చి చెప్పండి. వదిన తన కాళ్ళ మీద తాను నిలబడింది కదా, ఇక మా సంగతి చూడండి.

తలుపు ఒకటి, మామూలు చెక్కది, పలచటిది.
గడియ ఒకటి, లోపలివైపు, అవసరమైతే బయటినుంచి కూడా తీయగలిగేది.
మడతబందులు మూడు, స్క్రూలు ఇరవై నాలుగు, పోయేవాటికి రెండు అదనం.
కిటికీ ఒకటి, వీధివైపు.
రేడియోకి చెక్క పలక ఒకటి, మీ కుడిచెవి వైపు గోడకు.
మా గదికీ మీ గదికీ మధ్య గోడ తొమ్మిది అంగుళాలు. దీన్ని మాత్రం తగ్గించను. ఇది మీ కోసమే. మీ అబ్బాయి గురక మీకు తెలియదు, పెళ్ళయ్యాక మొదలైంది.
తొట్టి లేదు.

వదినకు, అన్నయ్య గారికి మా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
వెనక్కి నడవడం మరిచిపోయిన
మీ కోడలు

తాజాకలం: గీయనివి చేత్తో రాయమన్నారు కదా, ఒకటి మిగిలిపోయింది. రేడియో బ్యాటరీలు, నాలుగు. మీరు వెళ్ళిన రోజే తీశానని పైన రాసింది నిజమే. మూడో వారంలో మళ్ళీ వేశాను. రోజూ ఐదింటికి పెడుతున్నాను, మీరు పెట్టినంత గట్టిగా. ఇప్పటికే ఒకసారి అయిపోయాయి, వచ్చేటప్పుడు కొత్తవి తీసుకురండి.